రియాక్షన్ హెచ్చరికల సాఫ్ట్‌వేర్: అన్నిటికీ ఎర్ర బాక్సే, కావాల్సిన చోట మాత్రం మౌనం

మౌనిక_బెంచ్
మా ల్యాబ్‌లో ఆర్నెల్ల కింద ఎలక్ట్రానిక్ నోట్‌బుక్‌కి ప్రమాద హెచ్చరికల సాఫ్ట్‌వేర్ కలిపారు. స్కీమ్, అంటే రియాక్షన్ బొమ్మ గీసి రీఏజెంట్లు ఎంటర్ చేయగానే ఏదేది కలిస్తే ప్రమాదమో చూసి ఎర్ర బాక్సు తెరుస్తుంది. కారణం టైప్ చేస్తేగానీ ముందుకు పోనివ్వదు. ఆలోచన మంచిదే. కానీ రోజుకు ఇరవై, ముప్పై బాక్సులు వస్తున్నాయి. టీహెచ్‌ఎఫ్ అనే ద్రావకం వాడితే మండుతుందని ఎరుపు. యాసిడ్ క్లోరైడ్, అమీన్ ఒకే స్కీమ్‌లో ఉంటే వేడి పుడుతుందని ఎరుపు. వేడి పుడుతుందని తెలిసే కదా ఐస్ బాత్‌లో పెట్టి చుక్కచుక్కగా వేసేది! గాలి తగిలితే అంటుకోగల బుటైల్ లిథియంకీ అదే రంగు, అదే సైజు బాక్సు.

పోయిన గురువారం అజైడ్ రియాక్షన్ పెట్టాను. 5 గ్రాముల స్కేలు, డీఎంఎఫ్ ద్రావకంలో. నాలుగు బాక్సులు వచ్చాయి. అజైడ్ విషమని ఒకటి, ఆమ్లం తగలనివ్వొద్దని ఒకటి, మిగతా రెండూ డీఎంఎఫ్ గురించి. నాలుగూ చదివాను. మర్నాడు పొద్దున టీఎల్‌సీలో, అంటే రియాక్షన్ ఎంతవరకు అయిందో చూసే పరీక్షలో, స్టార్టింగ్ మెటీరియల్ అయిపోయింది. నీళ్లు పోసి సెపరేటింగ్ ఫనెల్‌లోకి మార్చి, బీకర్ ఎత్తాను. బీకర్‌లో డీసీఎం, క్లోరిన్ ఉన్న ద్రావకం. పక్క హుడ్‌లో ఉన్న మా సీనియర్ వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. "అది డీసీఎం కదమ్మా?" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. మిగిలిన అజైడ్, డీసీఎం కలిస్తే డైఅజిడోమీథేన్ అవుతుందని, ద్రావకాన్ని ఆవిరి చేసే రోటా మీద గాఢత పెరిగితే పేలుతుందని తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. బీకర్ అంచు దాకా వచ్చి ఆగిన డీసీఎం ఇంకా నా కళ్ల ముందే ఉంది.

ఇన్ని బాక్సులు చూపించే సాఫ్ట్‌వేర్ ఆ ఒక్కటీ ఎందుకు చెప్పలేదు? మీ ల్యాబుల్లో ఎలా ఉంది? ఇంతకంటే నయమైనది ఏదైనా ఉందా?

స్కేలప్_శీను
మా దగ్గరా ఇదే తంతు. కారణం రాసే గడిలో అందరూ ఒక చుక్క పెట్టి ఎంటర్ కొడతారు. మొన్న మా సేఫ్టీ అధికారి ఆ గడులన్నీ ప్రింట్ తీశారు. పేజీలకు పేజీలు చుక్కలే, ముగ్గు వేయడానికి పనికొచ్చేటన్ని.

గుంటూరు_కెమ్
మణికట్టు పట్టుకున్న ఆ సీనియర్ గారికి దండం. మౌనిక గారూ, మీకేం కాలేదు, అది చాలు.

తార్నాక_పాతకాపు
నేను ఈ పనిలోకి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. అప్పట్లో మాకున్న హెచ్చరిక బ్రెథరిక్ పుస్తకం ఒక్కటే. లెస్లీ బ్రెథరిక్ అనే బ్రిటిష్ కెమిస్టు, ఎక్కడెక్కడి పత్రికల్లోనో చెదురుమదురుగా పడి ఉన్న పేలుళ్ల సంగతులన్నీ ఏరి 1975లో అచ్చు వేయించాడు. మా లైబ్రరీలో ఉన్న కాపీకి అట్ట ఊడిపోయి ట్వైన్ దారంతో కట్టి ఉండేది. కొత్త రీఏజెంట్ ముట్టుకునే ముందు ఆ పేజీ తీసి, చేత్తో నోట్‌బుక్‌లోకి ఎక్కించి, గైడ్ గారి సంతకం తీసుకోవాలి. చేత్తో రాస్తే బుర్రలో పడుతుంది.

సోడియం అజైడ్ గురించి 1994లో రాసుకున్న పేజీ నా దగ్గర ఇంకా ఉంది. "స్టీల్ స్పాట్యులా వద్దు, ప్లాస్టిక్‌ది వాడాలి. సింక్‌లో పోయకూడదు, రాగి, సీసం పైపుల్లో చేరి పేలే అజైడ్‌లవుతాయి. క్లోరిన్ ద్రావకాలు వద్దు." ఇంతే. ఈ పిల్లలు క్లిక్ చేస్తారు, చదవరు. అదీ తేడా.

మౌనిక_బెంచ్
సార్, మీరంటే గౌరవం ఉంది కానీ ఈ మాట ఒప్పుకోను. నాలుగు బాక్సులూ చదివాననే రాశాను. నేను చదివిన వాటిలో డీసీఎం పేరే లేదు. మీకు పుస్తకం చెప్పింది, నాకు బాక్సు చెప్పలేదు.

కోడ్‌కెమ్
మౌనిక గారు చెప్పిందే నిజం. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ని నోట్‌బుక్‌లకు కలపడమే నా ఉద్యోగం, కాబట్టి లోపల ఏం జరిగి ఉంటుందో చెప్తాను.

చాలా చోట్ల అది చూసేది స్కీమ్‌లో బాణం చుట్టూ ఉన్న వాటిని మాత్రమే. రియాక్టెంట్లు, రీఏజెంట్లు, ద్రావకం. వర్కప్, అంటే రియాక్షన్ అయ్యాక ప్రొడక్ట్‌ని వేరు చేసే పని అంతా కింద ప్రొసీజర్ గడిలో మామూలు వచనంగా రాస్తాం. అక్కడ "డీసీఎంతో మూడుసార్లు ఎక్స్‌ట్రాక్ట్ చేయాలి" అని మీరు స్పష్టంగా రాసినా సరే, దాని లెక్కలో ఆ ప్రయోగంలో డీసీఎం లేదు. క్వెంచ్ (మిగిలిన రీఏజెంట్‌ని చంపడం), వాష్, రోటా, వేస్ట్ క్యాన్ ఇవేవీ దానికి కనపడవు. ప్రమాదాలు ఎక్కువగా పొంచి ఉండేదేమో అక్కడే.

ఇక రకాల సంగతి. అమెరికా ప్రభుత్వ సంస్థలు నోవా, ఈపీఏ కలిసి చేసిన కామియో కెమికల్స్ ఉంది. దానికి అన్నలాంటిది కెమికల్ రియాక్టివిటీ వర్క్‌షీట్. ఇవి ప్రతి రసాయనాన్నీ ఒకటో రెండో గుంపుల్లో వేస్తాయి, ఏ గుంపుకి ఏ గుంపు పడదో చూసి పట్టికలో రంగులు నింపుతాయి. కలిస్తే ప్రమాదమైతే ఎరుపు, జాగ్రత్త అయితే పసుపు, పర్వాలేదంటే ఆకుపచ్చ. మూలంలో ఇవి గోడౌన్లకు, డ్రమ్ములు ఒలికితే పరుగెత్తుకొచ్చే వాళ్లకు పనికొచ్చేవి. గది ఉష్ణోగ్రతలో రెండేసి రసాయనాలు కలిస్తే ఏమవుతుందన్నదే వాటి ప్రశ్న. మూడోది ఏదైనా కలిస్తే, వేడి చేస్తే ఏమవుతుందని వాటిని అడగకూడదు.

రెండో రకం, జరిగిన సంఘటనలు పోగేసేది. మందుల కంపెనీల కూటమి పిస్టోయా అలయన్స్ వాళ్లు 2017లో మొదలుపెట్టిన కెమికల్ సేఫ్టీ లైబ్రరీ అలాంటిది. ఎవరి ల్యాబ్‌లో ఏ జంట ఎదురు తిరిగిందో వాళ్లే వచ్చి రాస్తారు, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. తర్వాత అమెరికన్ కెమికల్ సొసైటీకి చెందిన సీఏఎస్ కూడా ఇందులో చేయి కలిపింది. మూడో రకం, అణువు నిర్మాణం చూసి ఎంత శక్తి విడుదల కావచ్చో లెక్కగట్టేది. చీటా అని, ప్రమాణాలు తయారుచేసే ఏఎస్‌టీఎం సంస్థ వాళ్ల ప్రోగ్రాం చాలా పాతది. చీటా అంటే ఇక్కడ చిరుతపులి కాదులెండి, అదో పొడవాటి పేరుకి పొట్టి రూపం.

మీ ల్యాబ్ బాక్సుల వెనుక ఈ మూడింట్లో ఏది ఉందో కనుక్కోండి. మొదటిది మాత్రమే ఉంటే యాసిడ్ క్లోరైడ్, అమీన్ జంటకి ఎరుపు రావడంలో ఆశ్చర్యం లేదు.

విశాఖ_ప్లాంట్
ఎవరూ ఏమీ అనుకోవద్దు, నాకు ఈ జంటల పట్టికల మీద నమ్మకం లేదు. మా అమ్మ కూడా పాలగిన్నె దగ్గర చింతపండు చెయ్యి పెట్టొద్దనేది. అది జంట. ఆ సంగతి అందరికీ తెలుసు. మా దగ్గర జనం ప్రాణాలు తీసినవి జంటలు కావు.

2020 మే 7 తెల్లవారుజామున మా ఊళ్లో ఏం జరిగిందో గుర్తుందా? ట్యాంకులో ఉన్నది స్టైరీన్ ఒక్కటే. కలవడానికి పక్కన ఇంకోటి లేదు. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగిపోయింది, ట్యాంకులో సరుకు అలాగే నిలవ ఉండిపోయింది. పాలిమర్ కాకుండా ఆపే టీబీసీ తగ్గిపోయింది, లోపల తనలో తానే వేడెక్కింది. ఉష్ణోగ్రత చూసే ప్రోబ్ ట్యాంకు అడుగున ఉంది, వేడి పైన పేరుకుంది. పన్నెండు మంది పోయారు. నివురుగప్పిన నిప్పంటే అదే. ఏ రంగుల పట్టిక చెప్తుంది ఇది?

డీఎస్‌సీ_గీత
విశాఖ గారూ, సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. తనంతట తాను వేడెక్కే వాటి విషయంలో జంటల పట్టిక పనికిరాదన్నది నిజం. అందుకే మేము డీఎస్‌సీలో, అంటే పదార్థం నుంచి ఎంత వేడి వస్తుందో కొలిచే యంత్రంలో, చిన్న పాన్‌లో కొన్ని మిల్లీగ్రాములు పెట్టి చూస్తాం, అనుమానం ఉంటే అదుపు తప్పి వేడెక్కడాన్ని కొలిచే ఏఆర్‌సీకి పంపిస్తాం. కానీ స్టైరీన్ గురించి ఆ మాత్రం సంగతి పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది. టీబీసీ పనిచేయడానికి ద్రవంలో ఆక్సిజన్ ఉండాలని, చల్లగా ఉంచాలని, కదుపుతూ ఉండాలని. తెలియక జరిగింది కాదు. తెలిసిన సంగతి ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి దాకా చేరలేదు.

అమెరికాలో కెమికల్ సేఫ్టీ బోర్డు 2002లో ఇలాంటి రియాక్షన్ ప్రమాదాల మీద ఒక నివేదిక ఇచ్చింది. 1980 నుంచి 2001 మధ్య జరిగిన 167 సంఘటనలు తీసుకున్నారు, 108 మంది చనిపోయారు. వాటిలో దాదాపు 90 శాతం సంఘటనల్లో ఆ ప్రమాదం అప్పటికే అచ్చులో ఉంది, ఎవరైనా తీసి చదువుకోవచ్చు. నా ఉద్యోగంలో నన్ను నిద్రపోనివ్వని అంకె ఇదే. అచ్చులో ఉన్నదాన్ని ఫ్లాస్క్ దగ్గరకు తెచ్చే పని ఎవరు చేస్తారు? పుస్తకం అల్మారాలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ పని చేయాలనే నేను కోరుకునేది.

విశాఖ_ప్లాంట్
ఆ అంకె నాకు తెలియదు. నిజంగా ఆలోచించాల్సిందే.

స్కేలప్_శీను
టీ2 కేసు కూడా చెప్పండి గీత గారూ. మా ట్రైనింగ్‌లో ఆ వీడియో చూపించినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు.

డీఎస్‌సీ_గీత
2007 డిసెంబర్ 19, అమెరికాలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్, టీ2 అనే కంపెనీ. పెట్రోల్‌లో కలిపే ఒక మాంగనీస్ పదార్థం చేసేవాళ్లు. మొదటి మెట్టులో డైగ్లైమ్ ద్రావకంలో సోడియం లోహం. అది వాళ్లు కావాలని నడిపే రియాక్షన్, వేడి వస్తుందని తెలుసు, జాకెట్‌లోకి నీళ్లు వదిలి చల్లార్చేవాళ్లు. ఆ రోజు నీళ్లు అందలేదు, రెండో ఏర్పాటు లేదు. 199 డిగ్రీల దగ్గర సోడియంకి ద్రావకంతోనే ఇంకో రియాక్షన్ మొదలైంది. దాని గురించి వాళ్లకు తెలియదు. నలుగురు చనిపోయారు. అది 175వ బ్యాచ్. మధ్యలో 42వ బ్యాచ్ నుంచి సైజు మూడో వంతు పెంచారు.

174 బ్యాచ్‌లు బాగానే వచ్చాయంటే ఎవరైనా ఏమంటారు? "ఏం కాదులే" అంటారు. నేను ఏ మీటింగ్‌కి వెళ్లినా "ఇన్నాళ్లూ ఏం కాలేదు కదండీ" అన్న మాట వినిపించగానే టీ2 అని రాసిన స్లైడ్ తీస్తాను. ద్రావకాన్ని సాక్షిలా కాదు, రియాక్టెంట్‌లా చూడమని చెప్తాను.

సోడియం హైడ్రైడ్ అనే బేస్, డీఎంఎఫ్ ద్రావకం జంట కూడా ఆ కోవదే. ప్లాంటులో అదుపు తప్పిందని 1982లోనే కెమిస్టులు పత్రికకు ఉత్తరాలు రాశారు. 2019లో మళ్లీ ఏఆర్‌సీ డేటాతో పేపర్ వేయాల్సి వచ్చింది, డీఎంఎసీ, డీఎంఎస్‌ఓ ద్రావకాలు కూడా కలిపి. మధ్యలో ముప్పై ఏడేళ్లు. ఇప్పటికీ నా దగ్గరకు వచ్చే ప్రొసీజర్లలో ఆ జంట కనపడుతూనే ఉంటుంది.

గుంటూరు_కెమ్
నేను పోయిన వారమే పెట్టాను ఆ జంట. ఒక గ్రాము.

డీఎస్‌సీ_గీత
గుంటూరు గారూ, ఒక గ్రాముకి గాజు గోడల నుంచే వేడి బయటికి పోతుంది, అందుకే తెలియలేదు. కిలో ల్యాబ్‌కి పంపే ముందు దయచేసి టీహెచ్‌ఎఫ్‌తోనో, వేరే బేస్‌తోనో చేసి చూడండి. పంపే రోజు నాకు ఒక మెసేజ్ పెట్టండి.

ఎంఎస్సీ_ఫైనల్
నాది చిన్న ప్రశ్న. మా కాలేజీలో ఎలక్ట్రానిక్ నోట్‌బుక్ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, పుస్తకం కూడా లేదు. మేమేం చేయాలి? ప్రాక్టికల్స్‌లో మిగిలినవన్నీ ఒకే క్యాన్‌లో పోస్తాం.

తార్నాక_పాతకాపు
ఒకే క్యాన్‌లో వద్దమ్మా. నైట్రిక్ ఆమ్లం ఉన్న సీసాలో అసిటోనో, ఆల్కహాలో పడితే కాసేపు ఏమీ కాదు. కాసేపటికి గ్యాస్ పుట్టి మూత బిగించి ఉంటే సీసా పగులుతుంది. మేము పీహెచ్‌డీలో ఉండగా ఒక సాయంత్రం ఇళ్లకు వెళ్లిపోయాక అలాగే పగిలింది. పొద్దున తలుపు తీస్తే గాజు పెంకులు సీలింగ్‌లో గుచ్చుకుని ఉన్నాయి. ఆ బల్ల ముందు మామూలుగా కూర్చునేది నేనే. ఆమ్లాలకు వేరే, ద్రావకాలకు వేరే, మూత వదులుగా. రేపే మీ సార్‌తో మాట్లాడండి.

కోడ్‌కెమ్
ఎంఎస్సీ గారూ, కామియో ఉచితం. ఫోన్‌లో వేసుకోవచ్చు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మీ ప్రాక్టికల్ లిస్టులో ఉన్న రసాయనాలన్నీ అందులో ఎక్కించి పట్టిక తీసి గోడకి అంటించండి. మీ ల్యాబ్‌కి అది సరిగ్గా సరిపోతుంది. కెమికల్ సేఫ్టీ లైబ్రరీ కూడా ఉచితమే, ఒక ఖాతా తెరవాలి, అంతే.

ఎంఎస్సీ_ఫైనల్
వేసుకున్నాను. నైట్రిక్, అసిటోన్ పెడితే ఎరుపు వచ్చింది! రేపు సార్‌కి చూపిస్తాను.

విశాఖ_ప్లాంట్
సరే, ఆ పట్టిక మీద నమ్మకం లేదన్న మాట కాలేజీ ల్యాబ్‌ల వరకు వెనక్కి తీసుకుంటున్నాను.

బాసెల్_తెలుగు
ఇక్కడ స్విట్జర్లాండ్‌లో పెప్టైడ్‌ల పని నాది. ఇంకో కోణం చెప్తాను.

పెప్టైడ్ కప్లింగ్‌కి, అంటే అమైనో ఆమ్లాలను ఒకదానికొకటి అతికించడానికి, హెచ్‌ఓబీటీ వాడేవాళ్లం. తడి లేకుండా ఎండిపోతే పేలే గుణం ఉందని దాన్ని పక్కన పెట్టారు. దాని బదులు ఆక్సిమా వచ్చింది, హమ్మయ్య అనుకున్నాం. హెచ్చరికల జాబితాలో హెచ్‌ఓబీటీకి ఎరుపు, ఆక్సిమాకి ఏమీ లేదు. పదేళ్లు లీటర్లకు లీటర్లు వాడాం. 2019లో ఒక పేపర్ వచ్చింది. ఆక్సిమా, దానితో కలిపి వాడే డీఐసీ కలిస్తే గది ఉష్ణోగ్రతలోనే హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు పుడుతుందని. ఆ పేపర్ చదివిన రోజు మా ల్యాబ్‌లో అందరం ముందు హుడ్ల వైపు చూశాం, తర్వాత ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

ఆక్సిమా ఎప్పుడో అరుదుగా వాడేది కాదు, మేమందరం రోజూ ముట్టుకునేది. ఎవరో ఒకరు గ్యాస్ కొలిచి బయటపెట్టే దాకా ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలియదు. ఆకుపచ్చ అంటే "ప్రమాదం లేదు" అని కాదు, "ఇంకా ఎవరూ చెప్పలేదు" అని. మా దగ్గర ఆ తర్వాత ఆకుపచ్చ రంగే తీసేశాం. ఏమీ తెలియని వాటికి ఇప్పుడు తెల్ల గడి ఉంటుంది.

స్కేలప్_శీను
తెల్ల గడి! ఇది మా వాళ్లకు రేపే చెప్తాను. ఆకుపచ్చ చూడగానే మనసు నిమ్మళించిపోతుంది.

జీడిమెట్ల_ప్రాసెస్
బాసెల్ గారి మాటకి మన దగ్గరి ఉదాహరణ సార్టాన్‌లు, అంటే బీపీ మందులు. ఈ థ్రెడ్ అజైడ్‌తోనే మొదలైంది కాబట్టి చెప్తున్నా.

వాల్సార్టాన్‌లో టెట్రాజోల్ అనే వలయం కట్టడానికి అజైడ్ వాడతారు. మిగిలిన అజైడ్‌ని అలా వదిలేయకూడదు, అందుకని ఆమ్లంలో సోడియం నైట్రైట్ వేసి చంపుతారు. అది సేఫ్టీ కోసం చేసే క్వెంచ్, పుస్తకంలో ఉన్నదే. చైనాలో ఒక తయారీదారు ద్రావకం డీఎంఎఫ్‌కి మార్చాడు. డీఎంఎఫ్‌లో డైమీథైల్ అమీన్ ఆనవాళ్లు ఉంటాయి. దానికి నైట్రైట్ తోడైంది. ఎన్‌డీఎంఏ పుట్టింది, క్యాన్సర్ కారకమని అనుమానించేది. 2018లో దేశదేశాల్లో ఆ మాత్రలు వెనక్కి తీసుకున్నారు. మన దగ్గర సార్టాన్‌లు చేసే ప్రతి ప్లాంటులోనూ ఆ ఏడాది నైట్రైట్ వాడే ప్రతి స్టెప్పూ మళ్లీ తవ్వి చూశాం. నెలల తరబడి ఇంటికి టైముకి వెళ్లింది లేదు.

పేలుడు చూసే సాఫ్ట్‌వేర్ నైట్రైట్ క్వెంచ్‌కి మెచ్చుకుంటుంది. మలినాలు చూసే వాళ్లకు అదే క్వెంచ్ ముల్లు. రెండు టీములు వేరే వేరే బిల్డింగుల్లో కూర్చుంటాయి. ఎవరి స్క్రీన్ మీద వాళ్ల ఎరుపు.

గుంటూరు_కెమ్
నాకు ఇది ఇవాళే తెలిసింది. క్వెంచ్ అంటే నేను ఎప్పుడూ మంచిదే అనుకున్నాను.

రోటా_రమ్య
ఇంకో సంగతి ఎవరూ అనలేదు. సాఫ్ట్‌వేర్‌కి సీసా వయసు తెలియదు. దానికి టీహెచ్‌ఎఫ్ అంటే టీహెచ్‌ఎఫ్. మా దగ్గర ఒక ఈథర్ సీసా ఎప్పుడు తెరిచారో తేదీ లేదు, మూత చుట్టూ తెల్లటి పొర. నేను ముట్టుకోకుండా వెనక్కి వచ్చేశాను, పేలే పెరాక్సైడ్ అయి ఉంటుందని సేఫ్టీ వాళ్లని పిలిచాం. తెరిచిన తేదీ మార్కర్‌తో రాయడానికి ఐదు సెకన్లు చాలు.

ఎంఎస్సీ_ఫైనల్
ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే సరిపోదా? మా ఫ్రెండ్ అదే చేస్తున్నాడు.

కోడ్‌కెమ్
అడగండి, కానీ అదే చివరి మాట కాకూడదు. తెలియని దానికీ తెలిసినంత ధీమాగా జవాబిస్తుంది. అది చెప్పిన ప్రమాదాన్ని నమ్మి సరిచూసుకోండి. "ప్రమాదం లేదు" అంటే మాత్రం నమ్మి వదిలేయొద్దు.

స్కేలప్_శీను
నా అసలు బాధ వేరే. మౌనిక గారి సంగతి వాళ్ల కంపెనీలో ఎక్కడైనా రాశారా? మా దగ్గరైతే రాయరు. ఏమీ పగల్లేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎందుకొచ్చిన గొడవ అంటారు. ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఒక కుర్రాడు నిజాయతీగా నియర్ మిస్, అంటే త్రుటిలో తప్పిన ప్రమాదం ఫారం నింపాడు. ఆ ఏడాది అప్రైజల్‌లో అదే బయటికి తీశారు. తర్వాత ఆ ఫ్లోర్‌లో ఇంకెవరూ ఫారం ముట్టుకోలేదు. సంఘటనలు పోగైతేనే కదా లైబ్రరీ నిండేది. మనమే రాయకపోతే అది ఏం చెప్తుంది?

జీడిమెట్ల_ప్రాసెస్
ఆ అప్రైజల్ చేసిన వాళ్లని తలుచుకుంటే కోపం వస్తోంది. నిజంగా.

డీఎస్‌సీ_గీత
2010లో అమెరికాలోని టెక్సస్ టెక్ యూనివర్సిటీలో ఒక పీజీ విద్యార్థి వేళ్లు మూడు పోయాయి. నికెల్ హైడ్రజీన్ పెర్‌క్లోరేట్ అనే పేలే పదార్థం. 100 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నోటిమాటగానే ఉంది, పట్టించుకోవాలన్న గట్టి ఏర్పాటు ఏదీ లేదు. చేసింది 10 గ్రాములు. దర్యాప్తులో తేలిన ఇంకో విషయం, అంతకుముందే అక్కడ చిన్న చిన్న సంఘటనలు జరిగాయి, వాటి నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. శీను గారు చెప్పిన ఫారం విలువ అక్కడ తెలుస్తుంది.

కెమికల్ సేఫ్టీ లైబ్రరీలో మన కంపెనీ గొడవలన్నీ రాయనక్కర్లేదు. ఏమేం కలిశాయి, ఎంత స్కేలు, ఏం జరిగింది, అంతే చాలు. పదిహేను నిమిషాల పని.

తార్నాక_పాతకాపు
మౌనిక గారూ, మొదట్లో నేను తొందరపడి మాటన్నాను. మీరు నాలుగూ చదివానని రాశారు, నేనే సరిగా చదవలేదు. క్షమించండి. మా రోజుల్లో పుస్తకం ఉన్నా, నా పక్కన కూర్చున్న వాడు ఆ పేజీ తీయకుండానే పని కానిచ్చిన రోజులూ ఉన్నాయి. సీలింగ్‌లో గాజు పెంకుల కథ పుస్తకం ఉన్న రోజులదే.

మౌనిక_బెంచ్
సార్, అంత మాటెందుకు. మీ 1994 పేజీలో ఆ మూడు వాక్యాలు ఫొటో తీసి పెడితే మా హుడ్ మీద అంటించుకుంటాను.

డీఎస్‌సీ_గీత
మౌనిక గారూ, మీ ప్రొడక్ట్ కూడా అజైడే కదా? కార్బన్లు ఎన్ని? కార్బన్లు, ఆక్సిజన్లు కూడి నైట్రోజన్ల సంఖ్యతో భాగిస్తే కనీసం 3 రావాలి. తక్కువైతే విడదీసి ఉంచుకోకండి.

మౌనిక_బెంచ్
కార్బన్లు 19, ఆక్సిజన్లు 2, నైట్రోజన్లు 4. 5.25 వచ్చింది మేడమ్. ఇది కూడా ఏ బాక్సూ అడగలేదు.

కోడ్‌కెమ్
ఈ లెక్క పెట్టించడం చాలా తేలిక, అణువు గీయగానే దానంతట అదే వస్తుంది. మీ ఇన్ఫర్మాటిక్స్ వాళ్లని అడగండి. అలాగే మూడు విషయాలు అడగండి. మండే ద్రావకాల లాంటి మామూలు సంగతులకి బాక్సు తెరవకుండా పక్కన చిన్న గుర్తు పెట్టమనండి. వర్కప్ ద్రావకానికి, క్వెంచ్‌కి వేరే గడులు ఇవ్వమనండి, వచనంలో కాదు. నిజంగా ఆపాల్సినవి ఒక పది పదిహేను జంటలు ఏరి, వాటికి మాత్రం ఇంకో కెమిస్టు లాగిన్ అయి ఒప్పుకుంటేగానీ కదలకుండా చేయమనండి. చుక్క పెట్టి దాటే వీలుండకూడదు.

బాసెల్_తెలుగు
ఆ పది పదిహేను జంటలు ఏవో ఈ థ్రెడ్‌లోనే పోగేద్దాం. నావి: ఆక్సిమా, డీఐసీ. సోడియం బోరోహైడ్రైడ్, డీఎంఎఫ్.

జీడిమెట్ల_ప్రాసెస్
అజైడ్, ఏ క్లోరిన్ ద్రావకమైనా. డీసీఎం, క్లోరోఫామ్ రెండూ. నైట్రైట్, సెకండరీ అమీన్ వచ్చే అవకాశం ఉన్న ఏదైనా.

రోటా_రమ్య
పిరానా ద్రావణం (సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్), అసిటోన్. గాజు కడిగే చోట జరుగుతుంది ఇది, నోట్‌బుక్‌లోకి అసలు ఎక్కదు.

గుంటూరు_కెమ్
సోడియం హైడ్రైడ్, డీఎంఎఫ్. నా పేరు మీద రాసుకోండి.

మౌనిక_బెంచ్
పది రోజుల తర్వాత వస్తున్నాను. మా సీనియర్, నేను కలిసి మేనేజర్ దగ్గరికి వెళ్లాం. ఈ థ్రెడ్ ప్రింట్ తీసుకెళ్లాను. నాకు చాలా టెన్షన్‌గా ఉండింది, డీసీఎం బీకర్ ఎత్తింది నేనేనని చెప్పాలి కదా. ఆయన మొత్తం విన్నారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇన్ఫర్మాటిక్స్ వాళ్లని అప్పుడే పిలిచి వర్కప్ గడి ఎన్ని రోజుల్లో ఇస్తారని అడిగారు. వాళ్లు నెలన్నర అన్నారు. ద్రావకాల బాక్సులు మాత్రం సోమవారం నుంచే ఆపేశారు. నిన్న మొత్తం మీద నాకు మూడు బాక్సులు వచ్చాయి. మూడూ నిలబడి చదివాను.

కెమికల్ సేఫ్టీ లైబ్రరీలో చూస్తే అజైడ్, డీసీఎం అప్పటికే ఉంది. అందుకని మా నోట్‌బుక్ దాన్ని ఎందుకు పట్టుకోలేదో వివరిస్తూ మా లోపలి ఫారం నింపాను. మా ఫ్లోర్‌లో ఈ ఏడాది మొదటి ఫారం అదేనట.

ఆ రోజు రియాక్షన్ ఇథైల్ అసిటేట్‌తో తీశాను. 4.1 గ్రాములు. రోటా బాత్ వేడి పెంచకుండా, షీల్డ్ వెనక పెట్టాను, సీనియర్ పక్కనే నిలబడ్డారు. నీటి భాగం ఆమ్లం తగలకుండా అజైడ్ అని రాసిన వేరే క్యాన్‌లో ఉంది. ప్రొడక్ట్ ఫ్రీజర్‌లో ఉంది, మూత మీద తేదీ రాశాను రమ్య గారూ.

తార్నాక_పాతకాపు
పేజీ ఫొటో పెట్టాను. అంచులు పసుపెక్కాయి, గైడ్ గారి సంతకం మీద ఏదో మరక ఉంది. అక్షరాలు మాత్రం కనపడుతున్నాయి.

ఎంఎస్సీ_ఫైనల్
మా కాలేజీలో ఇవాళ రెండు క్యాన్లు వచ్చాయి. మూడోది వచ్చే వారం అన్నారు సార్.